విన్న ఆయ్, ఒప్పుకున్న ఆయ్

అమలాపురం అమ్మాయి ఒకరికి ఈ మధ్య శాసన మండలిలో రిపోర్టరు ఉద్యోగం వచ్చింది. వాళ్ళ నాన్నగారు ఆమెను మా ఇంటికి తీసుకొచ్చి, "అనుభవం ఉన్నవారు, నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. చెప్పాను. రెండు గంటలు పట్టింది. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి, "ఇవన్నీ రాసి పెట్టండి మావయ్యగారూ, తీరిగ్గా చదువుకుంటాను" అంది. ఎదుటివాడి నోరు మూయించడానికి ఇంత మర్యాదైన పద్ధతి మా కోనసీమలోనే ఉంటుంది. అందుకని రాస్తున్నాను.

నా ఉద్యోగం చాలా చిన్నది. డెబ్బైల్లో చేరాను. సభలో పెద్దలు మాట్లాడుతుంటే కింద బల్ల దగ్గర కూర్చుని షార్ట్‌హ్యాండులో రాసుకోవడం, తర్వాత గదిలోకి వెళ్ళి టైపు చెయ్యడం. ఒక్కొక్కరికి పదేసి నిమిషాల వంతు. నా వంతులో రాష్ట్రం తలకిందులైనా నాకు తెలిసేది దాని ఒత్తులూ దీర్ఘాలే. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి రెండు, అందులో ఒకటి పొరపాటున వచ్చిందని ఇప్పటికీ నా అనుమానం. నేను రాయదలచుకున్నది ఒక మనిషి గురించీ, ఒక మాట గురించీ. మనిషి మండలి ఉపాధ్యక్షుడు. మాట 'ఆయ్'.

సరంగు, కళాసీ

ఆయన పేరు సత్యానందం. అందరికీ మేస్టారు. మామిడికుదురు దగ్గర మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి, ఉపాధ్యాయుల నియోజకవర్గం నుంచి మండలికి వచ్చారు. వారి తాతగారు పరాయి చేలల్లో కూలికి వెళ్ళిన మనిషి. తండ్రిగారు చర్చిలో గంట కొట్టేవారు. ఈయన సభలో గంట కొట్టేవారు. "తరం మారేసరికి మా ఇంట్లో గంట చిన్నదైపోయిందండి" అనేవారు.

సమావేశాలు లేనప్పుడు నన్ను ఆయన పేషీకి ఇచ్చేవారు. ఇద్దరిదీ ఒకే ప్రాంతం కాబట్టి నేను ఆయన మాట బాగా పట్టుకుంటానని ఆఫీసువారి నమ్మకం. ఒకసారి ఆయన వెంట మామిడికుదురు వెళ్ళాను. అప్పట్లో గోదావరి వైనతేయ పాయ మీద వంతెన లేదు. బోడసకుర్రు రేవులో పంటు ఎక్కి దాటాలి. కారును ముందు ఎక్కిస్తామని రేవువాళ్ళు అంటే మేస్టారు ఒప్పుకోలేదు. కొబ్బరికాయల బళ్ళ వెనకాల మా వంతు వచ్చేదాకా నిలబడ్డాం. పంటు నడిపే సరంగు ఆయన్ని అడిగాడు.

"మేస్టారండి, తవరిప్పుడు సభలో ఏవిటండి?"

"ఉపాధ్యక్షుణ్ణి బాబూ."

"అంటే ఏంజేత్తారండి?"

"పెద్దాయన రానప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటాను."

సరంగు చుక్కాని సర్దుకున్నాడు. "అంటే నాకు జ్వరవొత్తే మా కళాసీ చుక్కాని పట్టుకున్నట్టండి."

"ఆయ్. సరిగ్గా అదే."

రాజ్యాంగం మీద నేను చాలా పుస్తకాలు చదివాను. ఉపాధ్యక్షుడి పని ఇంత సూటిగా చెప్పినది ఇంకొకటి కనిపించలేదు. ఒకటే తేడా. కళాసీ చుక్కాని పట్టుకున్నప్పుడు పాట పాడుకోవచ్చు. ఉపాధ్యక్షుడు కుర్చీలో ఉన్నంతసేపు ఇతరుల చేత మాట్లాడించాలి, తను తన అభిప్రాయం చెప్పకూడదు. కుర్చీ దిగి మామూలు సభ్యుడిగా తన చోట కూర్చుంటే మాట్లాడవచ్చు, ఎవరూ వినకపోవచ్చు.

అధ్యక్షులవారు ఆరడుగుల మనిషి. కుర్చీ ఆయన కొలతకి చేయించినది. మేస్టారు కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనేవి కావు. అటెండరు యాదగిరి ఒక చెక్కపీట తెచ్చి కింద పెట్టేవాడు. సభ్యులకు అది కనిపించేది కాదు, బల్ల దగ్గర కూర్చునే మాకు కనిపించేది. సభలో గొడవ పెరిగితే అధ్యక్షులవారు గంట కొట్టేవారు. మేస్టారు కొట్టేవారు కాదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ఊరుకునేవారు. అరనిమిషంలో అంతా సద్దుమణిగేది. ఆ కిటుకు ఏమిటని ఒకసారి అడిగాను.

"ఒకే హాల్లో మూడు తరగతులు చెప్పేనండి ఇరవయ్యేళ్ళు. ఒక తరగతి అరిస్తే మనం అంతకంటే గట్టిగా అరవకూడదు. మిగతా రెండు తరగతులూ పాడైపోతాయి. కళ్ళజోడు తీసేస్తే, ఈయనకి మనం కనపడటం లేదు, ఎవర్ని కొడతాడో ఏవిటోనని పిల్లలు ఊరుకుంటారు."

"పెద్దలు కూడానాండి?"

"పెద్దలు కూడా ఎవరో ఒకరి దగ్గర చదువుకునే వచ్చేరు గదండీ."

నా మొదటి తప్పు

పలివెల వైపు నుంచి అధికార పక్షంలో ఒక సభ్యుడు ఉండేవారు. పెద్ద రైతు. పూర్తి పేరు రిజిస్టరులో ఒకటిన్నర వరస పట్టేది కాబట్టి అందరూ రాజుగారనేవారు. ఆయన ఉపన్యాసాలు ఇచ్చే మనిషి కాదు. కాని ఎవరు మాట్లాడినా వాళ్ళ వైపు తిరిగి, "ఆయ్, ఆయ్, ఆయ్" అనేవారు. ఎప్పుడూ మూడుసార్లు. గొంతు మాత్రం పొలానికి అవతల గట్టు మీద ఉన్నవాణ్ణి పిలిచే గొంతు. యాదగిరిది వరంగల్ వైపు. కొత్తలో నన్ను చాటుగా అడిగాడు: "సారూ, ఆ రాజుగారికి ఏమన్న నొప్పి లేస్తదా?"

మా వైపు కానివారికి ఒక సంగతి చెప్పాలి. ఆయ్ అంటే మర్యాద. మీరు చెప్పేది నాకు వినబడుతోంది, మీరు పెద్దవారు, కానివ్వండి అని అర్థం. అంతకు మించి అందులో ఏమీ లేకపోవచ్చు. మీ ఇల్లు పడగొడతానన్నా మా రాజుగారు ముందు ఆయ్ అనే అంటారు. తర్వాత కర్ర తీస్తారు.

మా చీఫ్ రిపోర్టరుది గుంటూరు. నిక్కచ్చి మనిషి. పని అంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన అక్షరంలాంటి అక్షరం మళ్ళీ చూడలేదు. అయితే ఆయనకు అచ్చు మీద ఉన్న గౌరవం మాట మీద ఉండేది కాదు. "సభా కార్యక్రమాల్లో ఆయ్ ఏమిటయ్యా. చదివేవాళ్ళు నవ్వుతారు. అవును అని రాయి" అన్నారు. నేను రాశాను. రెండు సమావేశాలు అలాగే రాశాను. ఆ ప్రకారం రాజుగారు ప్రభుత్వాన్నీ సమర్థించారు, ప్రతిపక్షాన్నీ సమర్థించారు, తమ కాలువ తూము మూసెయ్యాలన్న పక్క నియోజకవర్గం సభ్యుణ్ణి కూడా గట్టిగా సమర్థించారు.

మేస్టారు అచ్చుప్రతి ముందు పెట్టుకుని నన్ను పిలిపించారు.

"పాపారావుగారూ, మీది అమలాపురమే కదండీ?"

"ఆయ్."

"ఈ రాత మీదేనా అండి?"

"ఆయ్."

"చాలా అన్యాయంగా ఉందండి."

"ఆయ్" అన్నాను, అలవాటు చొప్పున.

"ఇప్పుడు మీరు నాతో ఏకీభవించేరా?"

"లేదండి. విన్నాను."

"మరి రాజుగారి చేత ఎందుకు ఏకీభవింపజేసేరు?"

చీఫ్ గారు చెప్పారని అనవచ్చు. అనలేదు, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని.

"మనిషి ఏమన్నాడో రాయడం మీ ఉద్యోగం. దానికి ఏవిటి అర్థమో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన ఉద్యోగం మీరు చేసేస్తే ఆయన దేనికండి?" అని ప్రతి నా చేతికిచ్చేశారు. ఆనాటి నుంచి మండలి కార్యక్రమాల్లో ఆయ్ ఆయ్‌గానే అచ్చయింది. చీఫ్ గారు ప్రతిసారీ దాని కింద ఒక చిన్న గీత గీసి, ఏమీ అనకుండా పంపించేవారు.

కరుణమ్మ టీచరు

కొన్నాళ్ళకు ప్రైవేటు బడుల చట్టం ఒకటి సభకు వచ్చింది. మంచి చట్టమే. అందులో ఒక క్లాజు మాత్రం, ట్రైనింగు కాని టీచర్లను వచ్చే విద్యాసంవత్సరం నుంచి తీసెయ్యాలంది.

కరుణమ్మ మేస్టారి బడిలో ఒకటో తరగతి టీచరు. పద్ధెనిమిదేళ్ళుగా ఆ చుట్టుపక్కల పిల్లలకు అక్షరాలు దిద్దించింది ఆమె. ట్రైనింగు కాలేదు. నేను మేస్టారి వెంట పంటు దాటి మామిడికుదురు వెళ్ళిన రోజునే ఆమె మేస్టారి అరుగు మీదికి వచ్చి నిలబడింది.

"మేస్టారండి, నన్ను తీసేత్తారంటండి."

"కూర్చో అమ్మా."

"అప్పట్లో ట్రైనింగుకి ఎల్తానన్నానండి."

"అన్నావు. నేనే ఆపేను. ఒకటో తరగతికి మనిషి లేదు, వచ్చే ఏడు వెళ్దువుగాని అన్నాను. ఆ వచ్చే ఏడు పద్ధెనిమిదేళ్ళయినా రాలేదు."

ఆమె చీరకొంగు సర్దుకుంది.

"క్లాజు వచ్చే రోజు అధ్యక్షులవారు కుర్చీలో ఉంటారు. నేను కింద నా చోటులో ఉంటాను. మాట్లాడతాను. కావాలంటే వచ్చి పైన గ్యాలరీలో కూర్చుని విను" అన్నారు మేస్టారు. నాకు నాలుగు పేజీల ఉపన్యాసం చెప్పి రాయించారు. ఆయన రాసుకుని మాట్లాడటం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ మధ్యాహ్నం

ఆ ఉదయం అధ్యక్షులవారికి జ్వరం వచ్చింది. మేస్టారికి బదులు కుర్చీలో కూర్చోదగిన ప్యానెల్ సభ్యులు ఇద్దరిలో ఒకరు ఊళ్ళో లేరు. రెండోవారు, ఆ క్లాజుకి సవరణ తెచ్చిన కృష్ణా జిల్లా ఉపాధ్యాయ సభ్యులే. ఇక కుర్చీలో కూర్చోవలసింది మా మేస్టారే. ఆయన ఉపన్యాసం కాగితాలు మడిచి నాకిచ్చారు. "మీ దగ్గర ఉంచండి. నా దగ్గరుంటే చదవాలనిపిస్తుంది" అన్నారు.

భోజనాల తర్వాత సవరణ వచ్చింది. పదేళ్ళు దాటి పనిచేసిన వారిని తీసెయ్యకుండా, ట్రైనింగు పూర్తి చెయ్యడానికి గడువు ఇవ్వాలని దాని సారాంశం. సభ పలచగా ఉంది. మంత్రిగారు తల వంచుకుని ఫైళ్ళ మీద సంతకాలు పెడుతున్నారు. పైన గ్యాలరీలో కరుణమ్మ కూర్చుంది, రెండు చేతులతో ముందున్న కమ్మీ పట్టుకుని. బల్ల దగ్గర వంతు నాది.

అప్పట్లో ఓటుకు పెట్టేటప్పుడు ఇంగ్లీషు పద్ధతి నడిచేది. అనుకూలురు 'ఆయ్' అనాలి, వ్యతిరేకులు 'నో' అనాలి. ఇంగ్లండు వారు ఆ మాట ఏ రేవులో ఎక్కించుకుపోయారో నాకు తెలియదు, కాని మాది మాదిరిగానే ఉంటుంది.

"సవరణకు అనుకూలంగా ఉన్నవారు ఆయ్ అనండి" అన్నారు మేస్టారు.

నలుగురైదుగురు నీరసంగా అన్నారు. సరిగ్గా అప్పుడే రాజుగారి పక్కనున్న సభ్యుడు ఆయన చెవి దగ్గర వంగి, "కాఫీకి వెళ్దామా?" అన్నాడు. రాజుగారు అటు తిరిగి, "ఆయ్, ఆయ్, ఆయ్" అన్నారు. సభ అదిరింది.

"వ్యతిరేకంగా ఉన్నవారు నో అనండి."

అధికార పక్షం నుంచి ఒక్క మాట రాలేదు. రాజుగారు పాతకాపు. ఆయనే ఆయ్ అన్నారంటే పైనుంచి ఏదో మాట వచ్చి ఉంటుందని వెనక బెంచీల వాళ్ళు ఊరుకున్నారు. మంత్రిగారి పెన్ను ఆగలేదు.

ఇప్పుడు కుర్చీలో ఉన్నవారు అనవలసినది ఒక్క వాక్యం. అనుకూలురే ఎక్కువ, సవరణ నెగ్గింది. చెవికి వినబడినది కూడా అదే. అబద్ధం ఏమీ లేదు. కరుణమ్మ ఉద్యోగం ఉంటుంది. నేను పెన్సిలు పట్టుకుని ఆ వాక్యం కోసం ఎదురుచూస్తున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన అనకముందే రాయడం మొదలుపెట్టాను.

మేస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. పీట మీద ఆయన కాళ్ళు కదల్లేదు.

"రాజుగారూ, ఒక్క మాట. ఇప్పుడు మీరన్నది విన్న ఆయా, ఒప్పుకున్న ఆయా?"

రాజుగారు లేచి నిలబడ్డారు. చుట్టూ చూశారు. తప్పించుకోవడానికి దారి ఉంది కాని, ఆయనకు ఆ అలవాటు లేదు.

"విన్న ఆయ్ అండి. అదీ సవరణ కాదండి. కాఫీ సంగతండి."

సభ నవ్వింది. మంత్రిగారు తల ఎత్తారు. మేస్టారు నవ్వలేదు. ప్రశ్న మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. ఈసారి నో బాగా వినబడింది. సవరణ వీగిపోయింది. నేను రాసిన అరవాక్యం కొట్టేశాను.

తర్వాత వరండాలో కరుణమ్మ మేస్టారి ఎదుట నిలబడింది. ఆయన ఏదో చెప్పబోయారు.

"వద్దండి" అందామె. "పక్కోడికి చెప్పిన జవాబుకి మార్కు వెయ్యకూడదని మీరే నేర్పేరండి. పిల్లలకి నేనూ వెయ్యను." వెళ్ళబోతూ, "ఇవాళ ఒక్కరోజు వేత్తే బాగుండునని మాత్రం అనిపించిందండి" అంది.

ఆమె వెళ్ళాక రాజుగారు పేషీలోకి వచ్చారు. ఆయన మొహం చూస్తే కాఫీ తాగినట్టు లేదు.

"ఆవిడ ఎవరో ఇప్పుడే చెప్పేరండి. మీరు అడక్కపోతే సరిపోయేది గదండీ."

"సరిపోయేదండి."

"మరి?"

"మీరు కాఫీ అడిగితే నేను చట్టం ఇవ్వకూడదు గదండీ."

పెన్సిలు గీత

మర్నాడు అధ్యక్షులవారికి జ్వరం తగ్గింది. బిల్లు ఆఖరి మెట్టు మీద ఉంది. ఇక సవరణలు పెట్టడానికి లేదు, మాట్లాడటానికి ఉంది. మేస్టారు తన చోట లేచారు. నాలుగు పేజీలు అడుగుతారేమోనని జేబులో పెట్టుకుని ఉన్నాను. అడగలేదు.

"పద్ధెనిమిదేళ్ళ కిందట ఒక టీచరు ట్రైనింగుకి వెళ్తానంది. హెడ్మాస్టరు వెళ్ళనివ్వలేదు. ఈ చట్టం ప్రకారం తప్పు ఆవిడది. నా ప్రార్థన ఒకటే. శిక్ష ఆ హెడ్మాస్టరుకి వెయ్యండి. వెతకనక్కర్లేదు, ఈ సభలోనే ఉన్నాడు. ఇలాంటి హెడ్మాస్టర్లు ప్రతి తాలూకాలోనూ ఉన్నారు. మాకు తోచినప్పుడు టీచర్లని ఆపేం. ఇప్పుడు చట్టానికి తోచిందని తీసేస్తున్నాం."

అంతే మాట్లాడి కూర్చున్నారు. రాజుగారు లేచారు. నేను ఉన్నన్నాళ్ళలో ఆయన తనంతట తాను లేవడం అదొక్కసారే.

"అధ్యక్షా, నిన్నటిది విన్న ఆయ్. ఇవాళ్టిది ఒప్పుకున్న ఆయ్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీల్లో బల్లలు చరిచారు. మంత్రిగారు పక్కవారితో ఏదో మాట్లాడి లేచారు. "అలాంటి టీచర్లకు రెండేళ్ళ గడువు ఇస్తాం. ఆలోగా ట్రైనింగు పూర్తి చేస్తే తీసెయ్యం. నిబంధనల్లో పెడతాం" అన్నారు. వంతు నాదే.

టైపు ప్రతి పద్ధతి ప్రకారం మంత్రిగారి పేషీకి వెళ్ళి, రెండు రోజులకు తిరిగొచ్చింది. 'ఇస్తాం' మీద సన్నగా పెన్సిలు గీత. పైన, 'ఇచ్చే విషయం పరిశీలిస్తాం'. భాష దిద్దుకునే హక్కు మాట్లాడినవారికి ఉంది. ఇది భాషే కదా అన్నారు చీఫ్ గారు. కాగితం పట్టుకుని మేస్టారి దగ్గరికి వెళ్ళాను.

"చెవిలో ఏం పడిందండి?"

"ఇస్తాం అని."

"చేత్తో ఏం రాసేరు?"

"ఇస్తాం అనే."

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చేరు?"

ధైర్యం కోసం వచ్చానని చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆయన, "నేను చెప్తే మీరు రాసినట్టవుతుందండి. అప్పుడు అది నా ఆయ్ అవుతుంది" అన్నారు.

గదికి వెళ్ళి, 'నోటుపుస్తకం ప్రకారం: ఇస్తాం' అని చీటీ రాసి, సంతకం పెట్టి, ప్రతికి గుచ్చాను. చీఫ్ గారు చీటీ చదివారు. ఆయన మీద నాకు అప్పటిదాకా చాలా ఫిర్యాదులు ఉండేవి. ఆయన పెన్ను తీసి నా సంతకం కింద తన సంతకం కూడా పెట్టారు. 'ఇస్తాం' అనే అచ్చయింది. ఆ తర్వాత ఆరు నెలలు నన్ను లైబ్రరీలో వేశారు. పుస్తకాలు మాట్లాడవు కాబట్టి రాసుకోవలసిన అవసరం లేక విశ్రాంతిగా గడిచింది.

కరుణమ్మ తన సగం వయసు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని ట్రైనింగు పూర్తి చేసింది. రిటైరయ్యేదాకా ఒకటో తరగతే చెప్పింది. పై తరగతులు ఇస్తామంటే వద్దందట.

ఆఖరి మాట

ఎనభైల్లో మండలి రద్దయింది (మళ్ళీ పెట్టింది చాలా ఏళ్ళ తర్వాత). కుర్చీలు ఎవరెవరో తీసుకెళ్ళారు. పీట ఎవరికీ అక్కర్లేకపోయింది. యాదగిరి ఇంటికి పట్టుకెళ్ళాడు. నన్ను వేరే ఆఫీసులో సర్దారు. మేస్టారు మామిడికుదురు వెళ్ళిపోయారు.

అమ్మాయీ, నీకు చెప్పవలసింది ఇంతే. నువ్వు కూర్చునే బల్ల దగ్గర నుంచి కుర్చీ కింది భాగం కనిపిస్తుంది. పైన ఉన్నవారి మొహం అందరూ చూస్తారు. కాళ్ళు నువ్వే చూస్తావు. నేను చాలామంది కాళ్ళు చూశాను. నేలకి ఆననివి ఆయనవే, కదలనివి కూడా ఆయనవే. మాట సంగతికొస్తే, అది చెవిలో పడినట్టు రాయి. బాగుచెయ్యకు.

ఒక్కటి మిగిలింది. రద్దయిన మరుసటేడు పంటు దాటి ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. ఆ కుర్చీలో కాళ్ళు నేలకి ఆనుతున్నాయి. చాలాసేపు ఏవో మాట్లాడుకున్నాం. లేచేముందు, ఎన్నాళ్ళుగానో లోపల ఉన్నది అడిగేశాను.

"మేస్టారూ, ఆ మధ్యాహ్నం రాజుగారిని అడక్కుండా ఊరుకుని ఉంటే బాగుండేదని మీకు ఎప్పుడైనా అనిపించిందాండి?"

ఆయన కళ్ళజోడు తీశారు. తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆయ్" అన్నారు.

అది విన్న ఆయో, ఒప్పుకున్న ఆయో నేను అడగలేదు. ఆయన అన్నట్టే రాశాను.